మా ఇంట్లో కదలని బాణం

మండవల్లి,
10 నవంబరు 2008.

ప్రసూనా,

వందనాలు. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. మీ తాతగారికీ, అమ్మగారికీ, నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు. మీ శశాంక్ అన్నయ్యకి మాత్రం రెండు. ఒకటి తన పాత లాప్‌టాప్ నాకిచ్చినందుకు, రెండోది ఇప్పుడు నేను చెప్పేది విని కోప్పడకుండా ఉండేందుకు.

లాప్‌టాప్ మీద వేలితో జరిపే పలక ఉందే, టచ్‌ప్యాడ్, అది పనిచెయ్యటం లేదు. మీ తాడేపల్లిగూడెంలో మాస్టారుగా చేసే జ్ఞానయ్య బాబాయి తెచ్చిచ్చిన రోజే తెరిచాను. తెర వెలిగింది. పచ్చటి కొండా, నీలం ఆకాశం, మధ్యలో చిన్న తెల్ల బాణం. వేలు పెట్టి జరిపితే బాణం కదల్లేదు. గట్టిగా నొక్కినా లేదు. చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ పెడితే పూనకం వచ్చినట్టు ఓ మూలకి గెంతి, అక్కడే ఆగిపోయింది. నాన్న "జరుగు, నే చూస్తా" అని తనూ రుద్దాడు. ఆయనకీ కదల్లేదు. అమ్మ అయితే "నే ముట్టుకోనమ్మా, ఆనక పాడైతే నా మీదకొస్తుంది" అని గుమ్మంలోనే నించుంది. మౌస్ తగిలిద్దామంటే ఆ రంధ్రాలు రెండూ మీ అన్నయ్య ఎప్పుడో విరగ్గొట్టాడని నువ్వే చెప్పావు.

ఏలూరులో కోదండరామయ్య గారి ఆక్వా ల్యాబ్ సంగతి నీకు తెలుసుగా. జీపులో చెరువుల దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పరీక్ష చేసి, లెక్కలు అక్కడికక్కడే లాప్‌టాప్‌లో ఎక్కించి రైతుకి చూపించే ఉద్యోగం. మన బియ్యెస్సీ జువాలజీ చాలు. కాకపోతే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తడుముకోకుండా వాడగలగాలి. జనవరిలో పిలుస్తారు.

నాకీ ఉద్యోగం కావాలి ప్రసూనా. ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది మా చెరువు పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఫలానాది కావాలి అనటం అందరం మానేశాం. నేను మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను కాబట్టి రోజంతా నేర్చుకోవచ్చు. ఆ బాణం కదిలితే చాలు.

ఫోన్ నాన్న జేబులో ఉంటుంది, నాన్న చెరువు గట్టు మీద ఉంటాడు. ఉత్తరమే రాయి.

నీ
పెర్సిస్


తాడేపల్లిగూడెం,
17 నవంబరు 2008.

ఏమే పెర్సీ,

ఉత్తరం అందింది. చదవటానికి మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చోవలసి వచ్చింది. హాస్టల్లో ముత్యాల్లాంటి అక్షరాలు నీవి, నా రికార్డులన్నీ నీచేతే రాయించుకున్నాను. ఇప్పుడేమిటే, కోడి గెలికినట్టు. బద్ధకం బాగా ముదిరినట్టుంది.

ఇక నీ బాణం సంగతి. అది మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ శుభ్రంగా పనిచేసింది. అన్నయ్యని అడిగితే "దానికేం కాలేదు, ఆపేసుకుంది" అన్నాడు. కీబోర్డులో కింద ఎడమ మూల ఎఫ్‌ఎన్ అని నీలం అక్షరాల మీట ఉంటుంది. దాన్ని నొక్కిపట్టుకుని పై వరసలో చెయ్యి బొమ్మ ఉన్న మీట నొక్కు. అది టచ్‌ప్యాడ్‌ని ఆపటానికీ, లేపటానికీ. తుడిచేటప్పుడు తెలియక నొక్కి ఉంటావు, నీకు తుడుపు పిచ్చి ఎక్కువ. అప్పటికీ కదలకపోతే, ఒకసారి మొత్తం ఆపి, కింద బ్యాటరీ ఊడదీసి, మళ్ళీ పెట్టి వెయ్యి.

దీనికి నేను తీసుకునే ఫీజు, ఉద్యోగం వచ్చాక కొల్లేటి జీపులో నన్నొక రోజు తిప్పటం.

మా తాతగారు నిన్ను అడిగానని రాయమన్నారు. "ఆ క్రైస్తవుల అమ్మాయి మర్యాదస్తురాలు, నీలా వసపిట్ట కాదు" అన్నారు. రాశాను చూడు, ఇంతకంటే మంచి మనవరాలు ఆయనకి దొరకదు.

ప్రసూన


మండవల్లి,
4 డిసెంబరు 2008.

ప్రసూనా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చెయ్యి బొమ్మ మీట నొక్కితే ఆగినట్టు ఒకసారి, లేచినట్టు ఒకసారి తెర మీద చూపిస్తుంది. బాణం మాత్రం రెండిటికీ ఒకటే మర్యాద. బ్యాటరీ తీసి పెట్టాను. లాభం లేదు.

శనివారం ఏలూరు తీసుకెళ్ళాను. పవర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపతను మూత తెరిచి ఇలా వేలు పెట్టాడో లేదో, బాణం చకచకా తిరిగేసింది. "ఏవండీ, దీనికేమైందండీ, బాగానే ఉందిగా" అన్నాడు. నేనోసారి చూస్తానని అడగటానికి సిగ్గేసింది. సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి తెరిస్తే మళ్ళీ మామూలే. నాన్న కొల్లేటి తేమ పడలేదంటాడు. అమ్మ కరెంటు తేడా అంటుంది.

నీకు ఒక మాట చెప్పలేదు, నవ్వకు. లాప్‌టాప్ వచ్చిన ఆదివారం, ఇంకా వెయ్యకముందే, పాస్టరు గారిని పిలిచి అమ్మ ప్రార్థన చేయించింది. కొత్త వస్తువు ఏదొచ్చినా చేయిస్తాం. ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక అమ్మ తన తృప్తి కోసం ప్రార్థన నూనె ఒక్క చుక్క ఆ పలక మీద రాసింది. "అదేగా పనిచేసే చోటు" అంది. ఆ నూనే లోపలికి దిగిందేమో. అమ్మని అడగాలంటే మనసొప్పటం లేదు. పాపం, ఉద్యోగం రావాలనే కదా రాసింది.

పోనీలే అని మీటలతోనే నేర్చుకుంటున్నాను. ట్యాబ్, బాణాల గుర్తులు, ఎంటర్. పట్టికలు కట్టటం, కూడికలు, గ్రాఫులు వచ్చేశాయి. అక్కడక్కడ ఆ టచ్‌ప్యాడ్ లేకపోతే జరగటం లేదు. జనవరి దగ్గర పడుతోంది.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
22 డిసెంబరు 2008.

పెర్సీ,

నువ్వు నూనె గురించి చెప్పావు కాబట్టి నేనూ చెప్పక తప్పదు. దసరా నాడు మా అమ్మ ఆయుధపూజలో అన్నయ్య స్కూటరుతోపాటు లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టింది. ఎక్కడనుకున్నావు, సరిగ్గా ఆ పలక మీదే. "అదేగా దాని ముఖం" అంది. నీకిచ్చేముందు నేనే తడిగుడ్డ పెట్టి తుడిచాను. నీ ఉత్తరం రాగానే కుంకుమే అనుకుని గుండె గుభేలుమంది, అందుకే ఇన్నాళ్ళూ కిమ్మనలేదు. చివరికి మా కుంకుమా మీ నూనే లోపల కలిసి ఏం చేశాయోనని, జ్ఞానయ్య మాస్టారు సెలవు రోజున మీ ఊరొచ్చినప్పుడు దాన్ని పంపమని కబురుపెట్టాను.

అది నిన్న వచ్చింది. అన్నయ్య తెరిచాడు. పనిచేస్తోంది. నేను పెట్టాను, పనిచేస్తోంది. అమ్మ పెట్టింది. తాతగారు కూడా వేలుపెట్టి బాణాన్ని ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పి, "దీనికా ఇంత గొడవ" అన్నారు.

కోపం తెచ్చుకోకుండా చదువు. అన్నయ్య "ఆ అమ్మాయికి వెళ్ళటం ఇష్టం లేదేమో, వంక చెబుతోంది" అన్నాడు. వాడితో పోట్లాడాను. పోట్లాడి వచ్చాక నాకూ అదే అనుమానం వచ్చింది. భయంగా ఉంటే భయమని చెప్పు పెర్సీ. హాస్టల్లో వైవా ముందు రోజు నువ్వు అన్నం మానేస్తే నేనేగా ముద్దలు పెట్టింది. దానికి ఒక వస్తువు మీద నెపం వెయ్యటం దేనికి. రోజంతా ఖాళీగా ఉండి కూడా రెండు పేజీలు ఎందుకు రాయవు. ఇదివరకు పది రాసేదానివి.

లాప్‌టాప్ మాస్టారితో తిప్పి పంపుతున్నాను. అమ్మ మీ అమ్మగారికి అరిసెలు పంపింది. క్రిస్మస్ శుభాకాంక్షలు.

ప్రసూన


మండవల్లి,
24 జనవరి 2009.

ప్రసూనా,

ల్యాబ్ వాళ్ళు పిలిచారు, వెళ్ళాను. కోదండరామయ్య గారు నీళ్ళ గురించి, చేపల జబ్బుల గురించి అడిగినవన్నీ చెప్పాను. ఆయన సంతోషించారు. అక్కడ పనిచేసే మాణిక్యం గారు కొత్త లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ఒక పట్టిక తెరవమన్నారు.

వేలు పెట్టాను. బాణం కదల్లేదు.

ఆవిడ "ఏమైందమ్మా" అంటూ నా పక్క నుంచి వేలు పెట్టారు. కదిలింది. మళ్ళీ నేను పెట్టాను. కదల్లేదు. అది మీ అన్నయ్యది కాదు, మా ఇంట్లోది కాదు, దానికి నూనె లేదు, బొట్టు లేదు. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మీటలతో చేస్తానని చెప్పాల్సింది, ఆ కంగారులో తట్టనే లేదు. కోదండరామయ్య గారు మెల్లిగా, "కంగారు పడకమ్మా. అలవాటు చేసుకుని రా. ఫిబ్రవరి నెలాఖరుదాకా వేరే ఎవర్నీ తీసుకోకుండా చూస్తాను, ఆ తర్వాత సీజను కదా, నా చేతిలో ఉండదు" అన్నారు.

కాబట్టి తేడా లాప్‌టాప్‌లో లేదు, నాలోనే ఉంది. మీ అన్నయ్యకి ఆ మాట చెప్పు. నేను వంక చెప్పలేదనీ చెప్పు.

మళ్ళీ వెళ్ళాలని లేదు.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
2 ఫిబ్రవరి 2009.

నా పెర్సీ,

నీ ఉత్తరం చదివి ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మా తాతగారు వచ్చి నుదురు తాకి చూసి వెళ్ళారంటే నా మౌనం ఎంత వింతో ఊహించుకో. అనుమానపడ్డందుకు తిట్టాలనుంటే తర్వాత తీరిగ్గా తిట్టు, ముందు ఇది చదువు.

మొన్న కందబచ్చలికి కంద తరుగుతుంటే చూపుడువేలు తెగింది. అమ్మ పాత పంచె చింపి బొద్దుగా కట్టు కట్టింది. ఆ వేలుతోనే అన్నయ్య కొత్త లాప్‌టాప్‌లో మెయిల్ చూద్దామని టచ్‌ప్యాడ్ మీద పెట్టాను. బాణం కదల్లేదే. నొక్కినా కదల్లేదు. కట్టు విప్పి పెట్టాను, కదిలింది. మళ్ళీ కట్టుకున్నాను, ఆగింది. కట్టు కట్టుకోవటం, విప్పటం, అదే పనిగా చేస్తుంటే అమ్మ నాకేదో అయిందనుకుంది. అన్నయ్యని నిలదీస్తే అప్పుడు చెప్పాడు, దానికి బలం అక్కర్లేదట, మెత్తటి చర్మం తగిలితేనే మనిషి ఉన్నట్టు తెలుస్తుందట. మధ్యలో మందంగా ఏదన్నా ఉంటే దానికి మనం లేనట్టే.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి ముందేసుకున్నాను. మీ ఇంట్లో నీకూ కదల్లేదు, మీ నాన్నగారికీ కదల్లేదు. చెయ్యి కడుక్కుని తడిగా పెడితే ఒక్కసారి గెంతింది. మా ఇంట్లో తాతగారితో సహా అందరికీ కదిలింది. ఇక నీ అక్షరాలు. అది బద్ధకం కాదు, నీ వేళ్ళలో పెన్ను నిలవటం లేదు.

నీ వేళ్ళకి ఏ కట్టు ఉందే పెర్సీ? నిజం చెప్పు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషికి చేతులు అలా అవవు.

ఈ ఉత్తరానికి జవాబు రాకపోతే బస్సెక్కి వచ్చి నీ చేతులు నేనే చూస్తాను.

ప్రసూన


మండవల్లి,
9 ఫిబ్రవరి 2009.

ప్రసూనా,

సున్నం.

ఆగస్టు నుంచి ముగ్గురం ఒక ఆసామి చెరువుల మీద పనికి వెళుతున్నాం. మా చెరువులో నాన్న కూలీల్ని పెట్టి చేయించిన పనే, ఇప్పుడు మేం చేస్తున్నాం. పడవలో తట్టలు పెట్టుకుని, చేపలకి జబ్బు రాకుండా నీళ్ళ మీద సున్నం చల్లటం నా వంతు. గ్లవ్స్ ఇచ్చారు కానీ తడిసి జారిపోతాయని ఎవరూ వేసుకోరు, నేనూ వేసుకోలేదు. మొదట్లో మండింది. తర్వాత పగిలింది. ఆ తర్వాత వేళ్ళ చివర్లు గట్టిపడి ఏమీ తెలియటం మానేసింది. వేడి గిన్నె మసిగుడ్డ లేకుండా దించుతున్నాను, అదొక గొప్ప అనుకున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, హాస్టల్లో నా పెట్టె చేపల వాసన వేస్తుందని గది మారిన వాళ్ళున్నారు. నువ్వు నీ మంచం ఈడ్చుకొచ్చి నా మంచం పక్కన వేసుకున్నావు. జాలితో కాదు, నా రికార్డులు కాపీ కొట్టటానికి దగ్గరగా ఉంటుందని. అందుకే నువ్వంటే నాకు అంత ఇష్టం. ఇది చెబితే నువ్వూ జాలిపడతావని భయపడ్డాను.

ఇప్పుడు అసలు సంగతి విను. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం నాకు ఒళ్ళు వెచ్చబడింది. అమ్మ వచ్చి నుదురు చూసింది. చిన్నప్పట్నుంచీ అమ్మ జ్వరం అరచేత్తో చూడదు. వేళ్ళు మడిచి, మెటికల వెనక భాగం ఆనించి చూస్తుంది. అందరమ్మలూ అలాగే చూస్తారనుకునేదాన్ని. ఆ రోజెందుకో అడిగాను. "అరచేతికి జ్వరం ఎక్కడ తెలుస్తుందే నాకు, పెళ్ళవకముందు నుంచీ చేలో పనేగా. వెనక చెయ్యి ఒక్కటే మిగిలింది" అంది. మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. జ్వరానికనుకుని కాఫీ పెట్టి ఇచ్చింది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళాక లాప్‌టాప్ తెరిచాను. చూపుడువేలు మడిచి, మెటిక ఆనించి మెల్లిగా జరిపాను.

బాణం కదిలింది ప్రసూనా. ఎటు జరిపితే అటు, చెప్పిన మాట విన్నట్టు వచ్చింది. నేను అరిచిన అరుపుకి నాన్న పామనుకుని కర్ర పట్టుకొచ్చాడు.

అప్పట్నుంచి పనైపోయి రాగానే కూర్చుంటున్నాను. వేలు మడిచి పని చెయ్యటం చూడ్డానికి వికారంగానే ఉంటుంది, వాళ్ళు నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ. ఈ నెల ఇరవై మూడు, సోమవారం, ఏలూరు వెళుతున్నాను.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
14 ఫిబ్రవరి 2009.

పెర్సీ,

జాలి పడలేదు. కోపం వచ్చింది. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా నాకు అబద్ధం రాశావు, అదీ చదవటానికి వీల్లేని అక్షరాలతో. దీనికి శిక్ష జీపులో రెండు రోజులు తిప్పటం.

జ్ఞానయ్య మాస్టారితో ఒక డబ్బా పంపుతున్నాను. మా అమ్మ ఇంట్లో తీసిన వెన్న. పనినుంచి రాగానే సబ్బుతో సున్నం పోయేలా కడిగి, తుడిచి, మీ ముగ్గురూ రాసుకోవాలి. గ్లవ్స్ జారితే మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోండి. చదువుకున్న దానివి, నీకూ నేనే చెప్పాలా.

అన్నయ్య నీకు క్షమాపణ చెప్పాలనుకున్నాడు. నోటితో చెప్పలేక, వాడూ మెటికతో టచ్‌ప్యాడ్ మీద ఒక పూట సాధన చేసి, "కష్టమేనే, ఆ అమ్మాయి గట్టిది" అన్నాడు. వాడి నోటినుంచి అంతకంటే రాదు.

సోమవారం తాతగారు నీ పేరున అర్చన చేయిస్తానంటున్నారు. గోత్రం ఏం చెప్పాలో తెలియక కంగారు పడుతున్నారు. మీ అమ్మగారిని ప్రార్థన చెయ్యమను. నూనె మాత్రం రాయొద్దను.

వెళ్ళు. వెళ్ళి మెటికతో వాళ్ళ తలుపు కూడా కొట్టు.

ప్రసూన


ఏలూరు,
8 మార్చి 2009.

ప్రసూనా,

పైన ఊరి పేరు చూశావుగా. ఉద్యోగం వచ్చింది. పవర్‌పేటలో ఒక గది తీసుకున్నాను. ఉత్తరాలు ఇక ఈ చిరునామాకి రాయి. అక్షరాలు ఎలా ఉన్నాయి? పూర్తిగా ముత్యాలు కాకపోయినా కోడి మాత్రం వెళ్ళిపోయినట్టుంది. వెన్న గుణమని మీ అమ్మగారికి చెప్పు.

ఆ రోజు మాణిక్యం గారు అదే లాప్‌టాప్ పెట్టారు. నేను వేలు మడవటం చూసి కోదండరామయ్య గారు "అదేమిటమ్మా" అన్నారు. సున్నం చల్లుతున్నానండీ, వేలి చివర దీనికి తెలియటం లేదండీ అని చెప్పాను. పట్టిక తెరిచాను, నీళ్ళ లెక్కలు ఎక్కించాను, గ్రాఫు గీశాను. సగం మీటలతో, సగం మెటికతో. "వచ్చే వారం చేరతారాండీ" అని అడిగారు. నన్ను 'మీరు' అన్నారే ఆయన. మాణిక్యం గారు నవ్వలేదు, టీ తెప్పించారు.

ఇప్పుడు రైతుల దగ్గరికి వెళితే నీళ్ళు చూడటం తర్వాత, ముందు కూలీల గ్లవ్స్ గురించి అడుగుతున్నాను. విసుక్కుంటున్నారు. విసుక్కుని కొంటున్నారు కొందరు. అమ్మకీ నాన్నకీ నేనే తీసుకెళ్ళాను, రబ్బరు బ్యాండ్లతో సహా. నా జీతంతో ఇల్లు గడిచేదాకా వాళ్ళకి ఆ పని తప్పదు. ఎక్కువ రోజులు కాదులే.

నిన్న శనివారం ఇంటికి వెళ్ళాను. లాప్‌టాప్ తెరిచి అమ్మని పిలిచాను. "నే ముట్టుకోనమ్మా" అని మళ్ళీ గుమ్మంలోనే ఆగింది. చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. ఏం చెయ్యాలంది. జ్వరం చూసినట్టు చూడమ్మా అన్నాను.

అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. వేళ్ళు మడిచి, నా నుదుటి మీద పెట్టినంత మెత్తగా ఆ పలక మీద ఆనించింది. తెర మీద బాణం చిన్నగా కదిలింది. అమ్మ దాన్ని చూడలేదు. కాసేపు అలాగే ఉంచి, "దీనికి ఒళ్ళు వెచ్చగానే ఉందే" అంది. అప్పుడు తలెత్తి చూసింది. తన చెయ్యి ఎటు జరిగితే బాణం అటే వెళుతోంది. నేను నేర్పేదేమీ లేకపోయింది. అన్నం వేళయిందని నాన్న కేకేస్తున్నా అమ్మ లేవలేదు.

నీ
పెర్సిస్